తాళం చెవి తిప్పకముందు: వరద నీటిలో చిక్కిన కార్లపై పాఠకుల ప్రశ్నలు

వానలు ముమ్మరమైన రోజుల్లో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో రోడ్డు మీద నిలిచిన నీళ్ల ప్రస్తావన లేనివి తక్కువ. వాటిలో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. మొదటి ఉత్తరం రాసిన పాఠకుడి అనుభవం మిగిలిన ప్రశ్నలన్నింటికీ మూలంలో ఉంది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: అండర్‌పాస్ కింద మోకాలి లోతు నీళ్లలో నా పెట్రోలు కారు పెద్ద కుదుపుతో ఒక్కసారిగా ఆగిపోయింది. వెనుక వాహనాల హారన్లకు కంగారుపడి మూడుసార్లు స్టార్ట్ చేయబోయాను. మూడోసారి ఇనుము ఇనుముకు కొట్టుకున్నట్టు చప్పుడు వచ్చింది. ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగాయని గ్యారేజీవారు చెబుతున్నారు. ఇది వరద వల్ల కలిగిన నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టమని బీమా సర్వేయర్ అంటున్నారు. కారు నీళ్లలో ఉన్నది అయిదు నిమిషాలే. అంతలోనే ఇంజన్ ఎలా పాడవుతుంది? తప్పు నిజంగా నాదేనా?

జవాబు: నీళ్లలో కారు ఎంతసేపు ఉన్నదన్నది ఇంజన్ విషయంలో అంత ముఖ్యం కాదు, నీళ్లు లోపల ఉండగా ఇంజన్ తిరిగిందా లేదా అన్నదే ముఖ్యం. రాత్రంతా మునిగి ఉండి, ఎవరూ తాళం చెవి ముట్టకుండా గ్యారేజీకి చేరిన ఇంజన్ శుభ్రం చేశాక మళ్లీ నడిచిన సందర్భాలు ఉన్నాయి. నీళ్లు మింగిన క్షణంలో వేగంగా తిరుగుతున్న ఇంజన్ మాత్రం ఒక్క సెకనులోనే పనికిరాకుండా పోవచ్చు.

కారణం ఇది. ఇంజన్ లోపల సిలిండర్ అనే గొట్టం లాంటి గదిలో పిస్టన్ అనే దిమ్మె పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు సిలిండర్‌లోని గాలిని సుమారు పదో వంతుకు అదుముతుంది. గాలి అణుగుతుంది కాబట్టి ఇంజన్ నడుస్తుంది, నీళ్లు అణగవు. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఒక్కో సిలిండర్ వాటా 300 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి చేరాక దాని నెత్తిన మిగిలే చోటు సుమారు 33 మిల్లీలీటర్లు మాత్రమే, అంటే దాదాపు రెండు పెద్ద చెంచాలు. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి వెళ్లడానికి దారే ఉండదు. డీజిల్ ఇంజన్ గాలిని ఇంకా గట్టిగా, పదిహేను పదహారు రెట్లు అదుముతుంది కనుక అక్కడ మిగిలే చోటు మరింత తక్కువ. దానికి ఇంకా కొద్ది నీళ్లు చాలు. పిస్టన్ ఆగిపోయినా, దాని కింద తిరుగుతున్న క్రాంక్‌షాఫ్టు, అంటే ఇంజన్ ఇరుసు, దాని చివరనుండే బరువైన చక్రం ఫ్లైవీల్ ఊపు వెంటనే ఆగదు. పిస్టన్‌కూ క్రాంక్‌షాఫ్టుకూ మధ్య నలిగేది, ఆ రెంటినీ కలిపే కనెక్టింగ్ రాడ్డు. అది వంగుతుంది, లేదా విరిగి ఇంజన్ గోడను పొడుచుకుని బయటికి వస్తుంది. మెకానిక్‌లు దీనినే హైడ్రోలాక్ అంటారు.

ఆ నీళ్లు వెళ్లిన దారి, ఇంజన్ పీల్చే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్. మీ ఇంజన్ కూడా అంతే పరిమాణంలో ఉంటే, నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ గట్టిగా లాగుతున్నప్పుడు సెకనుకు దాదాపు 30 లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. పీల్చే గొట్టం నోరు ఒక్క క్షణం నీటి కిందికి వెళ్లినా, గాలికి బదులు నీళ్లు వెళతాయి.

ఇక తప్పు ఎవరిదన్న మాట. మీరు చెప్పిన వివరాల్లో నాకు కీలకంగా కనిపించింది మొదటి వాక్యంలోని ‘కుదుపు’. వైర్లు, సెన్సార్లు తడిసి ఆగే కారు సాధారణంగా దగ్గుతూ, తడబడుతూ ఆగుతుంది. గోడకు తగిలినట్టు ఠక్కున ఆగిందంటే సిలిండర్‌లోకి నీళ్లు అప్పటికే వెళ్లి ఉండే అవకాశం ఎక్కువ. రాడ్డు వంగడం అప్పుడే మొదలై ఉండవచ్చు. పైగా స్టార్టర్ మోటారు ఇంజన్‌ను చాలా నెమ్మదిగా తిప్పుతుంది. దాని బలంతోనే రాడ్డు వంగే ప్రమాదం, నడుస్తున్న ఇంజన్ ఊపుతో వంగే ప్రమాదం కంటే తక్కువ. అయితే నీళ్లు లేని సిలిండర్లలో ఇంధనం అంటుకుని ఇంజన్ ఒక్క క్షణం లేచిందంటే ఆ తేడా చెరిగిపోతుంది. ప్రతి ప్రయత్నంతోనూ మరికొన్ని నీళ్లు లోపలికి వెళతాయి కూడా. మూడోసారి వినిపించిన చప్పుడు ఆ కోవకు చెందినదే కావచ్చు. ఉత్తరం ఆధారంగా తీర్పు చెప్పడం సాధ్యం కాదు గానీ, మొత్తం నష్టానికి మీ మూడు ప్రయత్నాలే కారణమని సర్వేయర్ అనడం కూడా అంత తేలికైన విషయం కాదు.

కాబట్టి మీరు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఇంజన్ విప్పేటప్పుడు ఏ సిలిండర్‌లో ఏ రాడ్డు ఎంత వంగిందో ఫొటోలతో సహా రాసి ఇవ్వమని గ్యారేజీవారిని కోరండి. ఇంజన్ ఎప్పుడు, ఏ వేగంలో ఆగిందన్న సమాచారం కొన్ని కార్ల కంప్యూటర్లలో నమోదై ఉంటుంది. దాన్ని తుడిచేయకముందే తీయించండి. సర్వేయర్ కారణాన్ని నోటి మాటగా కాకుండా రాతలో ఇవ్వమనండి. మీ పాలిసీలో ఇంజన్‌కు ప్రత్యేక రక్షణ చేర్చి ఉన్నదో లేదో చూడండి, ఎందుకంటే సమగ్ర బీమా ఉన్నంత మాత్రాన నీటి వల్ల ఇంజన్ లోపలి భాగాలకు కలిగే నష్టం అన్ని పాలిసీల్లోనూ దాని కిందికి రాదు. వీటన్నింటికంటే ముందు, మూడుసార్లు స్టార్ట్ చేసిన సంగతి దాచకండి. విప్పిన ఇంజన్ దాన్ని ఎలాగూ చెబుతుంది, అప్పుడు మీ మిగతా మాటలకూ విలువ ఉండదు.

ప్రశ్న: ఎంత లోతు వరకు కారును నీళ్లలోకి నడపవచ్చు? ముందు వెళ్లిన కారు సురక్షితంగా దాటింది, నాది మాత్రం మధ్యలో ఆగిపోయింది. రెండూ ఒకే ఎత్తు కార్లు.

జవాబు: ఎత్తు ఒకటే అయినా గాలి పీల్చే గొట్టం నోరు ఒకేచోట ఉండకపోవచ్చు. కొన్ని కార్లలో అది బానెట్ ముందు అంచున, పైన ఉంటుంది. కొన్నింటిలో హెడ్‌లైట్ వెనుక ఉంటుంది. మరికొన్నింటిలో బంపర్ వెనుక, చక్రం గూటి పక్కన ఆశ్చర్యపడేంత కిందికి ఉంటుంది. కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో నీటిలో నడపదగిన లోతు ఇచ్చి ఉంటే అదే మీకు ప్రమాణం. అది కూడా నిలకడగా ఉన్న నీటికి, మనిషి నడక వేగానికి మాత్రమే వర్తించే అంకె. పుస్తకంలో లేకపోతే, బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ముందుకు వెళ్లే గొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో ఒక ఎండ రోజున చూసి పెట్టుకోండి. పది నిమిషాల పని అది. ఎంత ఖరీదైన కారు కొన్నా ఈ ఒక్కటీ చూసుకునేవారు అరుదు.

లోతు ఎంతని చూసేటప్పుడు అలను కూడా లెక్కలో వేయాలి. వేగంగా వెళ్లే కారు ముక్కు ముందు నీళ్లు గుట్టగా లేస్తాయి. చక్రం సగం మునిగే నీళ్లు కూడా ఆ గుట్టలో బానెట్ అంచును అందుకోగలవు. మీ కారు నెమ్మదిగానే వెళ్తున్నా, ఎదురుగా వచ్చిన లారీయో బస్సో రేపిన అల అదే పని చేస్తుంది. ముందు కారు దాటినప్పుడు ఎదురుగా ఏ వాహనమూ వచ్చి ఉండకపోవచ్చు. అందుకే మరొకరు దాటారన్నది లోతుకు సాక్ష్యం కాదు.

ఇంజన్ సంగతి పక్కన పెడితే, కారు తేలిపోవడం అంతకంటే పెద్ద విషయం. సగటు చిన్న కారు అడుగు భాగం సుమారు 6 చదరపు మీటర్లు. అడుగును దాటి నీళ్లు ప్రతి 10 సెంటీమీటర్లు పెరిగేకొద్దీ, లోపలికి నీళ్లు చేరనంతవరకు, దాదాపు 600 కిలోల బలం కారును పైకి ఎత్తుతుంది. 1200 కిలోల కారు పూర్తిగా తేలడానికి అడుగు పైన 20 సెంటీమీటర్లు చాలు. అంతకు ఎంతో ముందే టైర్లకు నేల మీద పట్టు సడలుతుంది, స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు. పారే నీళ్లు 30 సెంటీమీటర్ల లోతున్నా చిన్న కార్లను చాలావరకు కొట్టుకుపోయేలా చేయగలవని, 60 సెంటీమీటర్లయితే చాలా పెద్ద వాహనాలకూ అదే గతి అని అమెరికా జాతీయ వాతావరణ సేవ ఏళ్ల తరబడి చెబుతున్నది. కింద నీళ్లు కదులుతున్నాయా అన్నది పైనుంచి చూస్తే తెలియదు. తేలుతున్న ఒక ఆకునో కాగితాన్నో కాసేపు గమనిస్తే తెలుస్తుంది.

నా ఉద్దేశంలో వీధిలో నడిచే కారుకు పాటించదగిన హద్దు ఒకటే. ఫుట్‌పాత్ అంచు రాయి కనబడుతున్నంతవరకు, రోడ్డు మీ పరిచయమైనదైతే, మొదటి గేరులో ఆగకుండా నెమ్మదిగా వెళ్లవచ్చు. అంచు రాయి మునిగిందంటే గుంత ఎక్కడుందో, మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో మీకు తెలియదు. వెనక్కి తిరగడం మంచిది. దాటిన తరువాత బ్రేకును రెండు మూడుసార్లు తేలికగా నొక్కి ఆరబెట్టుకోండి, తడిసిన బ్రేకు మొదటి నొక్కుకు పట్టకపోవచ్చు. ఒకవేళ మధ్యలో కారు ఆగి నీళ్లు పెరుగుతుంటే అద్దం దించి అందులోంచి బయటపడండి. తలుపు బయట అర మీటరు నీళ్లు ఉంటే, మీటరు వెడల్పున్న తలుపు మీద పడే ఒత్తిడి దాదాపు 125 కిలోల బరువుకు సమానం. లోపలినుంచి దాన్ని తోయగలిగే మనిషి అరుదు.

ప్రశ్న: సైలెన్సర్‌లోకి నీళ్లు వెళ్లకుండా యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంటే కారుకు ఏమీ కాదని మా స్నేహితులు అంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఇంజన్ నడుస్తున్నంతసేపు పొగ ఒత్తిడి నీళ్లను సైలెన్సర్‌లోంచి బయటికి నెట్టుతూనే ఉంటుంది, దానికి గట్టిగా తొక్కనక్కరలేదు. తొక్కిన కొద్దీ ముందున్న గొట్టం ఎక్కువ గాలి, దాంతోపాటు ఎక్కువ నీటి తుంపర పీల్చుకుంటుంది. వెనుక ద్వారాన్ని కాపాడబోయి ముందు ద్వారాన్ని బార్లా తెరిచినట్టు అవుతుంది. నిలకడగా, ఆగకుండా, ఒకే వేగంతో వెళ్లడమే మీ స్నేహితుల సలహాలో నిలబడే భాగం. నీళ్లలో ఇంజన్ ఆగితే మాత్రం సైలెన్సర్ గొట్టం నిండుతుంది. అలా ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేయకూడదనడానికి ఇదీ ఒక కారణం.

ప్రశ్న: రాత్రి వానకు సెల్లార్‌లో నిలిపి ఉన్న నా కారు సీట్ల దాకా మునిగింది. ఇప్పుడు నీళ్లు తగ్గాయి. పైకి అంతా బాగానే కనిపిస్తున్నది. ఒకసారి స్టార్ట్ చేసి చూడవచ్చా?

జవాబు: వద్దు. ఇంజన్‌ను మాత్రమే కాదు, తాళం చెవిని ‘ఆన్’ వరకు కూడా తిప్పవద్దు. ఆగి ఉన్న ఇంజన్ లోపల ఇప్పటివరకు ఏదీ విరగలేదు. ఈ ఒక్క అనుకూలతను మీరు పోగొట్టుకోకండి. కరెంటు కూడా నీటితో కలిస్తే వేరే నష్టం చేస్తుంది. తడిసిన కనెక్టర్లలో కరెంటు పారితే లోహం కరిగి పచ్చటి చిలుము పడుతుంది. ఎయిర్‌బ్యాగ్, ఇంజన్ కంప్యూటర్ల వంటి ఖరీదైన భాగాలు చాలా కార్లలో సీట్ల కింద, కాళ్ల దగ్గర, సరిగ్గా మీ నీళ్లు చేరిన ఎత్తులోనే ఉంటాయి.

ముందుగా, సెల్లార్‌లో విద్యుత్తు నిలిపివేశారని నిర్ధారించుకున్న తరువాతే కిందికి దిగండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో తలుపు మీద, సీటు మీద మిగిలిన బురద గీతను కడగకముందే ఫొటో తీసి బీమా సంస్థకు తెలియజేయండి. ఆ గీతే మీ క్లెయిమ్‌కు తొలి సాక్ష్యం. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పించండి. గ్యారేజీకి తరలించేటప్పుడు తాడుతో లాగించకుండా, నాలుగు చక్రాలూ పైన ఉండేలా చదును లారీ మీద ఎక్కించండి. ఆటోమేటిక్ గేరు కార్లకు ఇది మరీ ముఖ్యం, చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్ లోపలి భాగాలూ తిరుగుతాయి.

గ్యారేజీలో జరగవలసిన మొదటి పని ఇంజన్ ఆయిల్ మట్టం చూపే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూడటం. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉన్నా, ఉండవలసిన గీత కంటే పైకి ఉన్నా, అందులో నీళ్లు కలిశాయని అర్థం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి లోపల తడి ఉందో లేదో చూడాలి. తరువాత స్పార్క్ ప్లగ్గులు విప్పి, స్టార్టర్‌తో కాకుండా చేత్తో ఇంజన్‌ను తిప్పితే లోపలి నీళ్లు ఆ రంధ్రాల గుండా బయటికి చిమ్ముతాయి. ఆ పని పూర్తయ్యాకే కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్. గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ కూడా మార్పించండి. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి రంధ్రం గుండా నీళ్లను లోపలికి లాగుతుంది. మీ కారు చాలాసేపటి నుంచి నిలిపి ఉంది కాబట్టి ఆ ప్రమాదం తక్కువే గానీ, సీట్ల దాకా మునిగిన కారుకు దాన్ని తోసిపుచ్చలేము.

లోపలి భాగాన్ని మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. కార్పెట్ పైభాగం ఎండలో త్వరగా ఆరిపోతుంది, దాని కింద ఉండే మందపాటి స్పాంజి మాత్రం వారాల తరబడి నీళ్లు పట్టి ఉంచుతుంది. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఆపైన కింది రేకుకు తుప్పు. సీట్లు విప్పి, కార్పెట్‌ను మొత్తం బయటికి తీయించకుండా ‘డ్రై క్లీనింగ్ చేశాం’ అని ఎవరైనా అంటే నమ్మకండి. నీళ్లు డాష్‌బోర్డును కూడా దాటి ఉంటే నేను మరమ్మతు సలహా ఇచ్చేవాణ్ణి కాదు. ఆ స్థాయిలో బీమా సంస్థలు కూడా కారును పూర్తి నష్టంగా లెక్కగట్టడం మామూలే.

ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ కారు. ఇంజన్ లేదు కాబట్టి నీళ్ల భయం లేదని అమ్మినవారు చెప్పారు. నీళ్లలో దిగితే షాక్ కొడుతుందని ఇరుగుపొరుగువారు అంటున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: రెండింటినీ పూర్తిగా నమ్మవద్దు. గాలి పీల్చే ఇంజన్ లేదు కనుక హైడ్రోలాక్ లేదన్నది నిజం. షాక్ భయమూ అతిశయోక్తే: పెద్ద బ్యాటరీ వలయం కారు శరీరానికి తగలకుండా విడిగా ఉంటుంది, లీకేజీ కనిపించగానే దానంతట అదే తెగిపోయే ఏర్పాటూ ఉంటుంది. చాలా బ్యాటరీలకు ఐపీ 67 రక్షణ ఉందని చెబుతారు. దాని అర్థం ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచి చేసిన పరీక్షలో నెగ్గిందని. ఆ పరీక్ష చేసేది కొత్త బ్యాటరీ మీద. అయిదేళ్లు గుంతల రోడ్ల మీద తిరిగి, అడుగున రాళ్లు తగిలిన బ్యాటరీ సీలు అంతే గట్టిగా ఉంటుందని ఎవరూ చెప్పలేరు. నీళ్లలో తేలే గుణం మాత్రం ఈ కార్లకూ తప్పదు. తలుపుల మోటార్లు, సీట్ల కింది కంప్యూటర్లు కూడా మామూలు కార్లలో లాగే పాడవుతాయి.

ఉప్పు నీటి సంగతి వేరు. సముద్రపు నీళ్లు ఆరిపోయినా బ్యాటరీ లోపల మిగిలే ఉప్పు పొర కరెంటును మోస్తుంది. 2012లో శాండీ తుపాను సముద్రపు నీటిని అమెరికాలోని నెవార్క్ ఓడరేవులోకి తోసినప్పుడు, 2022లో ఇయన్ తుపాను తరువాత ఫ్లోరిడాలో, ఇలా మునిగిన విద్యుత్ వాహనాలు కొన్ని కాలిపోయాయి. నీళ్లు తగ్గిన రోజులు, వారాల తరువాత కూడా మంటలు రావచ్చు. కాబట్టి మునిగిన ఎలక్ట్రిక్ కారును, ముఖ్యంగా అది ఉప్పు నీళ్లయితే, ఛార్జింగ్ పెట్టకండి, ఇంటి గ్యారేజీలో ఉంచకండి. ఇతర వాహనాలకు, కట్టడాలకు 15 మీటర్ల దూరంలో ఆరుబయట నిలిపి తయారీ సంస్థ నిపుణులను పిలిపించండి. పెద్ద బ్యాటరీ కరెంటును మోసే నారింజ రంగు తీగలను ముట్టవద్దు. అడుగు నుంచి బుసబుసమనే చప్పుడు, ఘాటైన వాసన, పొగ వస్తే దగ్గరికి వెళ్లకుండా అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

ప్రశ్న: పాత కారు కొనబోతున్నాను. ధర నమ్మశక్యం కానంత తక్కువ. వరదలో మునిగినదేమోనని అనుమానం. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: కారును కడిగినవారి చేయి చేరని చోట్లు చూడండి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. మామూలుగా లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి భాగంలో మురికి గీత ఉంటే ఇంకేమీ చూడనక్కరలేదు. సీటు పట్టాల బోల్టులు, డాష్‌బోర్డు కింది స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయా, స్టెప్నీ గూట్లో ఇసుక ఉందా, హెడ్‌లైట్ లోపల నీటి గీత ఉందా చూడండి. పదేళ్ల కారులో కార్పెట్ మాత్రమే సరికొత్తగా ఉంటే అడగండి. అద్దాలన్నీ మూసి ఉంచి పావుగంట తరువాత తలుపు తెరిచి వాసన చూడండి. గుప్పున అత్తరు వాసన కొట్టినా అనుమానించవలసిందే, ఎందుకంటే బూజు వాసనను కప్పడానికి వాడేది అదే.

బీమా క్లెయిమ్‌ల చరిత్ర కూడా అడిగి తీసుకోండి. అన్నీ సవ్యంగా ఉన్నా, వంగిన రాడ్డుతో కొన్ని నెలలు మామూలుగా నడిచి ఆ తరువాత విరిగే ఇంజన్లు ఉన్నాయి కాబట్టి, డబ్బు చెల్లించకముందే మీ సొంత మెకానిక్ చేత నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కోటి గాలిని ఎంత గట్టిగా అదుముతుందో కొలిచే పరీక్ష, చేయించండి. రాడ్డు వంగిన సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా పైకి రాదు, అందువల్ల ఆ ఒక్కదాని అంకె మిగిలిన మూడింటి కంటే తక్కువగా చూపిస్తుంది. ఆ పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.